ఎలుక జ్వరం పల్లెదా, పట్నందా?

ప్రశ్న: మా మామగారికి అరవై ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెలో మూడెకరాల వరి సాగు చేస్తారు, రెండు పాడి గేదెలున్నాయి. నాట్ల రోజుల్లో ఆయనకు చలిజ్వరం వచ్చి, పిక్కలు పట్టేసి, నాలుగో రోజుకు కళ్లు ఎర్రబడి, ఆరో రోజుకు పచ్చబడ్డాయి. ఊళ్లో కామెర్లని చెప్పి పసరు పోయించారు. మూత్రం తగ్గిపోవడంతో గుంటూరు తీసుకువెళితే లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం అన్నారు. రెండుసార్లు డయాలసిస్ చేశాక కోలుకున్నారు. ఆ తర్వాత భయపడి ఇంటిల్లిపాదికీ ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించాం. జ్వరమే రాని మా అత్తగారికి పాజిటివ్ వచ్చింది. మేము విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాం. మావారు మురుగు కాలువల్లో పూడిక తీయించే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. ఇది పొలాల్లో తిరిగేవాళ్ల జబ్బు, పట్నంలో రాదని ఆయన అంటారు. ఎలుకలు చూస్తే మా వీధిలోనే ఎక్కువ. అసలు ఈ జబ్బు పల్లెల్లో ఎంతమందికి, పట్నాల్లో ఎంతమందికి ఉంటుంది? అత్తగారికి మందులు వాడాలా? మామగారు మళ్లీ పొలంలో దిగవచ్చా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీ మామగారు డయాలసిస్ దాకా వెళ్లి కోలుకోవడం చాలా సంతోషించదగిన విషయం. మీ ప్రశ్నల్లో మొదటిదానికే ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే దానికి సరైన జవాబు తెలిస్తే మీవారి విషయంలో ఏమి చేయాలో కూడా తెలుస్తుంది. ఆయన అన్న మాటలో సగం నిజముంది. మన దేశంలో ఈ సూక్ష్మజీవి సోకే అవకాశం ఎక్కువగా ఉన్న అతిపెద్ద వర్గం వరి పొలాల్లో పనిచేసే రైతులు, కూలీలు. అయితే పట్నంలో రాదన్న రెండో సగం మాత్రం పూర్తిగా తప్పు. ఆయన చేయించే పనిని బట్టి చూస్తే ప్రమాదకరమైన తప్పు కూడా.

ఈ జబ్బుకు కారణం లెప్టోస్పైరా అనే, సన్నని స్ప్రింగులా మెలితిరిగిన బాక్టీరియా. ఎలుకలు, పందికొక్కులు, కుక్కలు, పందులు, గేదెలు, ఆవులు, మేకల మూత్రపిండాల్లో ఇది నివాసం ఏర్పరచుకుంటుంది. ముఖ్యంగా ఎలుకలకు దీనివల్ల పెద్దగా జబ్బు కనిపించదు, కానీ అవి నెలల తరబడి మూత్రం ద్వారా దీన్ని బయటికి వదులుతూనే ఉంటాయి. ఆ మూత్రం కలిసిన నిలవ నీటిలో, తడి మట్టిలో బాక్టీరియా వారాల తరబడి బతికి ఉంటుంది. మన కాలి మీద చిన్న గీత ఉన్నా, గంటల తరబడి నీటిలో నాని చర్మం మెత్తబడినా, కంట్లోకో నోట్లోకో ఆ నీళ్లు చిందినా శరీరంలోకి ప్రవేశిస్తుంది. ఎండకు, ఆరిన నేలకు, ఉప్పునీటికి, క్లోరిన్‌కు మాత్రం తట్టుకోలేదు. తడి ఉన్నంత సేపే దాని బతుకు అన్న ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే, తర్వాత చెప్పబోయే అంకెలన్నిటి వెనక ఉన్న కారణం సులువుగా అర్థమవుతుంది.

అంకెల్లోకి వెళ్లేముందు సూక్ష్మజీవి సోకడమూ జబ్బు పడడమూ ఒకటి కాదని స్పష్టంగా చెప్పాలి. పొలంలో చల్లిన గింజలన్నీ మొలకెత్తనట్టే, శరీరంలోకి చేరిన లెప్టోస్పైరా ప్రతిసారీ జబ్బుగా పరిణమించదు. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. మరికొందరికి నాలుగైదు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చి వాటంతట అవే తగ్గిపోతాయి, దాన్ని ఏదో వైరల్ జ్వరమని మరిచిపోతారు. జబ్బు పడిన వారిలోనూ నూటికి 90 మందికి పైగా అది తేలికపాటి రూపంలోనే పోతుంది. మిగిలిన 5 నుంచి 10 మందికి మీ మామగారికి వచ్చిన తీవ్ర రూపం వస్తుంది. కామెర్లు, మూత్రపిండాల వైఫల్యం, రక్తస్రావం కలిసి వచ్చే ఆ రూపాన్ని 1886లో అడాల్ఫ్ వైల్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించినందువల్ల వైల్స్ వ్యాధి అంటారు. అందులో మరణాల రేటు 5 నుంచి 15 శాతం దాకా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైతే సగం మందికి పైగా దక్కకపోవచ్చు.

అందువల్ల ఎంతమందికి ఉంటుందన్న ప్రశ్నకు రెండు వేర్వేరు జవాబులు ఉంటాయి. ఒక ఊళ్లో ఆరోగ్యంగా తిరుగుతున్నవారి రక్తం తీసి, లెప్టోస్పైరాకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, ఎంతమందిలో ఉన్నాయో చూస్తే, గతంలో ఎప్పుడో ఒకప్పుడు సూక్ష్మజీవి సోకినవారు ఎందరో తెలుస్తుంది. ఆసుపత్రుల్లో నిర్ధారణ అయిన జ్వరాలను లెక్కిస్తే జబ్బు పడినవారు ఎందరో తెలుస్తుంది. మొదటి అంకె ఎప్పుడూ రెండోదానికంటే ఎన్నో రెట్లు పెద్దది. పత్రికల్లో ఫలానా చోట సగం మందికి ఎలుక జ్వరం అని శీర్షిక కనిపిస్తే, అది దాదాపు ఎప్పుడూ మొదటి అంకెను రెండోదిగా పొరబడి రాసినదే. ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. మ్యాట్ అనే ప్రామాణిక పరీక్షలో రోగి సీరమ్‌ను, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని, పలుచన చేస్తూ, బతికి ఉన్న లెప్టోస్పైరాలతో కలిపి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. 50 వంతులకు పలుచన చేసినా స్పందన ఉంటే పాజిటివ్ అని ఒకరు, 100 వంతుల దగ్గర ఉంటేనే పాజిటివ్ అని మరొకరు లెక్క వేస్తారు. అందువల్ల రెండు ప్రాంతాల అధ్యయనాలను పక్కపక్కన పెట్టి, ఇక్కడ ఎక్కువ, అక్కడ తక్కువ అని తేల్చడం సరికాదు. ఒకే బృందం, ఒకే పద్ధతిలో వేర్వేరు వర్గాలను పోల్చిన అధ్యయనాలనే నేను నమ్ముతాను. అటువంటివి కొన్ని ఉన్నాయి.

మన దేశంలో ఈ జబ్బు గురించి అందరికంటే లోతుగా పనిచేసింది పోర్ట్‌బ్లెయిర్‌లోని (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) భారత వైద్య పరిశోధన మండలి కేంద్రం. 1988 నుంచి ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ ప్రాంతంలో వానాకాలం ముగిసే వేళకు, నోటి నుంచి రక్తం పడుతూ మనుషులు చనిపోయే ఒక జ్వరం రాసాగింది. అదేమిటో తెలియక కొన్నేళ్లపాటు అండమాన్ రక్తస్రావ జ్వరం అనే పిలిచారు. 1993లో అది లెప్టోస్పైరోసిస్ అని తేలింది. అదే కేంద్రం పరిశోధకులు, ప్రమాదకరమైన వృత్తుల్లో ఉన్నవారిని పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో వ్యవసాయ కార్మికుల్లో 62.5 శాతం మందికి, మురుగునీటి పారుదల పనివారిలో 39.4 శాతం మందికి, పశుపోషకుల్లో 37.5 శాతం మందికి, మాంసం కొట్టేవారిలో 30 శాతం మందికి, అడవి పనివారిలో 27.3 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయి. ఈ వృత్తుల్లో లేని సాధారణ జనంలో ఆ అంకె 14.7 శాతం. ఈ వరుసను మీవారికి తప్పక చూపించండి. పొలం పనివారి తర్వాత రెండో స్థానం మురుగు కాలువ పనివారిదే. మీ మామగారు మొదటి వరుసలో ఉంటే, మీవారు, ఆయన కింద పనిచేసే కూలీలు రెండో వరుసలో ఉన్నారు.

అండమాన్ దీవుల్లో వాన ఎక్కువ, ఎండిన నేల తక్కువ. కాబట్టి ఆ శాతాలను యథాతథంగా గుంటూరు జిల్లాకు వర్తింపజేయకూడదు. వృత్తుల మధ్య కనిపించే ఆ క్రమం మాత్రం మనకూ పనికివస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే దాని వెనక ఉన్న కారణం మన డెల్టాలోనూ అదే. దమ్ము చేసిన మడిలో పిక్కల లోతు బురదలో గంటల తరబడి వంగి నాటేవారు, గట్ల బొరియల్లోని ఎలుకలు తిరిగిన నీటిలోనే నిలబడతారు. కలుపు తీసేటప్పుడు, బోదెల్లో పూడిక తీసేటప్పుడు, కోతలకు ముందు ఎలుకలు పట్టేవారు బొరియలు తవ్వేటప్పుడు జరిగేదీ ఇదే. 2015లో వెలువడిన ప్రపంచ అంచనా ప్రకారం ఏటా 10.3 లక్షల మంది ఈ జబ్బు పడుతున్నారు, 58,900 మంది మరణిస్తున్నారు, జబ్బు పడేవారిలో సగానికి దగ్గరగా 20 నుంచి 49 ఏళ్ల మగవారే. అయితే నాట్లు, కలుపు తీత ప్రధానంగా ఆడవారి శ్రమతోనే సాగే మన ప్రాంతంలో దీన్ని మగవారి జబ్బుగా చూడడం పొరపాటు. పాలు పితకడం, పేడ ఎత్తడం, కొట్టం కడగడం కూడా ఎక్కువగా ఆడవారి పనులే.

ఇక పట్నం సంగతి. పెరూ దేశంలో ఒకే బృందం మూడు చోట్ల పరీక్షలు జరిపి 2004లో ఫలితాలు ప్రచురించింది. అమెజాన్ తీరంలోని ఇకిటోస్ నగరంలో, ఏటా వరద నీరు ఇళ్లలోకి వచ్చే ఒక పేదల వాడలో 28 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయి. ఆ నగరానికి దగ్గరలోని పల్లెలో 17 శాతం మందికే ఉన్నాయి. అంటే అక్కడ పల్లెకంటే పట్నంలోనే ఎక్కువ. ఎడారి వాతావరణం ఉన్న లిమా శివారులోని పేదల కాలనీలో మాత్రం ఆ సంఖ్య ఒక శాతం కూడా లేదు. లిమా కూడా పట్నమే, ఆ కాలనీవాసులూ పేదవారే, తేడా అంతా తడిలో ఉంది. ఇకిటోస్‌లోనే జరిగిన మరో పరిశోధనలో, పల్లె వాగుల్లోకంటే నగరపు మురుగు కాలువల నీటిలో ఈ బాక్టీరియా సాంద్రత ఎక్కువగా కనిపించింది, తీవ్రమైన జబ్బుకు కారణమయ్యే, ఎలుకలకు సంబంధించిన రకం కూడా నగరంవైపే బయటపడింది. పల్లెలో పశువులు, పందులు, అడవి జంతువులు రకరకాల లెప్టోస్పైరాలను మోస్తాయి. పట్నంలో ప్రధాన వాహకం మురుగు ఎలుక. అది మోసే రకం మనిషికి ఎక్కువ హాని చేసేదని చాలా దేశాల అనుభవం చెబుతోంది. పల్లెల్లో సోకేవారు ఎక్కువ కావచ్చు, కానీ పట్నంలో సోకినప్పుడు తేలికపాటిదే అయి ఉంటుందని ధీమాగా ఉండడానికి వీల్లేదు.

బ్రెజిల్‌లోని సాల్వడార్ నగరంలో ఒక మురికివాడలో 3,171 మందిని పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనం నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది. అక్కడ మొత్తం మీద 15 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయి. కానీ ఒకే వాడలో కూడా అందరి పరిస్థితీ ఒకలా లేదు. వరద నీరు చేరే పల్లంలో, మూతలేని మురుగు కాలువకు దగ్గరగా ఉన్న ఇళ్లలో, చెత్తకుప్పల పక్కన ఉన్న ఇళ్లలో, ఎలుకలు తరచూ కనిపించే ఇళ్లలో సోకినవారు ఎక్కువ. ఇంటి ఆదాయం పెరిగేకొద్దీ ఆ సంఖ్య తగ్గింది. మిట్ట మీద ఇల్లు, మూసిన డ్రైనేజీ ఉన్నవారికీ, కాలువ గట్టున రేకుల ఇల్లు ఉన్నవారికీ ఊరు ఒకటే అయినా ప్రమాదం వేరు. కాబట్టి మీ ఇంటి సంగతి తెలియాలంటే, విజయవాడ అనే పేరును బట్టి కాకుండా, వానాకాలంలో మీ గుమ్మం ముందు ఎంత నీరు ఎన్ని రోజులు నిలుస్తుంది, ఆ నీటిలో ఎవరెవరు చెప్పులు లేకుండా నడుస్తారు అన్నది చూడండి.

సింగ్‌నగర్‌లో ఉంటున్న మీకు ఈ మాట మళ్లీ వివరించనవసరం లేదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అటువంటి వరదల్లో ఎలుకల బొరియలు మునిగి అవి మనుషులు ఉన్న ఎత్తుల మీదికి చేరతాయి, మురుగునీరు మంచినీటిలో కలుస్తుంది, బురద ఎత్తేటప్పుడు చేతులకు, కాళ్లకు గాయాలవుతాయి. 1999 అక్టోబరు పెనుతుపాను తర్వాత ఒడిశా పల్లెల్లోనూ, 2005 జూలై 26న ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడిన ముంబై మహానగరంలోనూ, 2018 వరదల తర్వాత కేరళలోనూ లెప్టోస్పైరోసిస్ వ్యాపించింది. సూక్ష్మజీవి ప్రవేశించాక జ్వరం రావడానికి సాధారణంగా 5 నుంచి 14 రోజులు, ఒక్కోసారి 30 రోజుల దాకా పడుతుంది. నీరు తీసేశాక, ఇల్లు కడుక్కున్నాక, గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకునే సమయంలోనే జ్వరాలు మొదలవుతాయి. వరద వచ్చిన నెల రోజుల్లోపు జ్వరం ఎవరికి వచ్చినా, నీటిలో నడిచిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలని నేను పదేపదే కోరేది ఇందుకే.

ఈ జబ్బు ఎంత ఉందో అంత లెక్కకు రాకపోవడానికి కారణం, అది మనకు బాగా తెలిసిన జ్వరాల వేషంలో రావడమే. ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీ అనుకుంటారు. వైడల్ పరీక్షలో కొద్దిపాటి స్పందన కనిపిస్తే టైఫాయిడ్ అనుకుంటారు. ఏదీ తేలకపోతే విషజ్వరం అని వదిలేస్తారు. కళ్లు పచ్చబడితే పసరు వైద్యుడి దగ్గరికి పరుగెత్తుతారు. ఈ చివరిది నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. కాలేయానికి వైరస్ సోకి వచ్చే కామెర్లలో సాధారణంగా కళ్లు పచ్చబడే సమయానికి జ్వరం తగ్గిపోతుంది. ఎలుక జ్వరంలో జ్వరం ఉండగానే కళ్లు పచ్చబడతాయి. కామెర్లు, జ్వరం కలిసి ఉన్న మనిషికి పసరు పోయించి పథ్యం పెట్టి ఇంట్లో పడుకోబెట్టడమంటే, మూత్రపిండాలు దెబ్బతింటున్న అత్యంత విలువైన రెండు మూడు రోజులను చేజేతులా పోగొట్టుకోవడమే. మీ కుటుంబాన్ని నిందించడానికి ఈ మాట అనడం లేదు. ఊళ్లో తరతరాలుగా ఉన్న అలవాటు అది. కానీ మీ అనుభవాన్ని మీ ఊరివారికి మీరే చెప్పగలిగితే, ఏ డాక్టరు చెప్పినదానికంటే అది బలంగా తగులుతుంది.

మీ అత్తగారి సంగతికి వస్తే, ఆమెకు జ్వరం లేదు, నీరసం లేదు, మూత్రం సరిగా వస్తోంది అంటే మందులేమీ అవసరం లేదు. గేదెల పనులు చూసేది, పొలానికి క్యారేజీ తీసుకువెళ్లేది ఆమే అయితే, ఎప్పుడో ఒకసారి సూక్ష్మజీవి సోకి, ఆమె శరీరమే దాన్ని జయించి ఉంటుంది. ఇలాంటి ల్యాబ్ పరీక్ష సాధారణంగా వెతికే ఐజీఎం అనే తొలి యాంటీబాడీలు సోకిన తర్వాత కొన్ని నెలలపాటు రక్తంలో కనిపిస్తూనే ఉంటాయి. ఇతర జ్వరాల తర్వాత కూడా ఈ పరీక్ష పొరపాటుగా పాజిటివ్ చూపవచ్చు. పరీక్ష కాగితానికి కాకుండా మనిషికి వైద్యం చేయాలి. గత నెల రోజుల్లో ఆమెకు గట్టి జ్వరం ఏదైనా వచ్చి ఉంటే మాత్రం, ఒకసారి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష చేయించండి. ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేయించి ఖర్చు పెట్టారు గానీ, లక్షణాలు లేనివారికి ఈ పరీక్ష వల్ల భయం తప్ప ప్రయోజనం లేదు. ఇది మనిషి నుంచి మనిషికి అంటుకోవడం చాలా అరుదు కాబట్టి, మామగారికి సేవ చేసినందువల్ల ఎవరికీ వచ్చి ఉండదు. ఒకే నీటిలో, ఒకే కొట్టంలో తిరగడం వల్ల మాత్రం రావచ్చు.

మీవారి గురించి నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. ఆయనకంటే కూడా, ఆయన పర్యవేక్షణలో కాలువలో దిగే కూలీల గురించి. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, మోచేతుల దాకా వచ్చే గ్లౌజులు లేకుండా ఒక్కరిని కూడా పూడికలో దించకూడదు. రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది కూడా. బూట్లు కొనిచ్చినా వేసుకోరని సూపర్‌వైజర్లు అంటారు. అది కొంతవరకు నిజమే, కాని కొలత సరిపోని బూట్లు, చిరిగిన గ్లౌజులు ఇచ్చి వేసుకోలేదనడం న్యాయం కాదు. కాలికి గాయమున్నవారికి ఆ రోజు గట్టు మీది పని అప్పగించవచ్చు. పని ముగిశాక సబ్బుతో కడుక్కోవడానికి మంచినీళ్లు అక్కడే ఉంచవచ్చు. ఇవన్నీ సూపర్‌వైజరు చేతిలో ఉన్న పనులే.

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు ముందుజాగ్రత్తగా వాడవచ్చా అని మీవారు తప్పకుండా అడుగుతారు. ప్రమాదం ఎక్కువగా ఉన్న వారాల్లో వారానికి ఒకసారి 200 మిల్లీగ్రాముల చొప్పున, డాక్టరు సలహాతో, పరిమిత కాలం వాడే పద్ధతి ఉంది. కేరళలో వరదల తర్వాత ఆరోగ్యశాఖ సహాయక సిబ్బందికి దీన్ని పెద్దయెత్తున పంచింది. 2000లో ప్రచురితమైన అండమాన్ ప్రయోగంలో ఈ మాత్ర వేసుకున్నవారికీ వేసుకోనివారికీ సూక్ష్మజీవి సోకడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జబ్బు పడినవారు మాత్రం 6.8 శాతం నుంచి 3.1 శాతానికి తగ్గారు. అంటే మాత్ర బూట్లకు బదులు కాదు. గర్భిణులు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలు దీన్ని వాడకూడదు. మిగిలినవారు కూడా ఖాళీ కడుపుతో వేసుకోకుండా, గ్లాసు నిండా నీళ్లు తాగి, వెంటనే నడుం వాల్చకుండా ఉండాలి. సంవత్సరం పొడవునా వేసుకునే మందు ఇది కాదు.

పొలంలో బూట్ల మాట ఎత్తితే రైతులు నవ్వుతారు, ఎందుకంటే దమ్ము చేసిన మడిలో బూటు కూరుకుపోయి అడుగు తీయలేరు. ఆ వాస్తవాన్ని ఒప్పుకుని చెప్పే జాగ్రత్తలే పనికొస్తాయి. కాలి గాయాల మీద నీరు చొరని ప్లాస్టరు అంటించుకుని దిగాలి. గట్టెక్కగానే సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. బోదె నీటితో ముఖం కడుక్కోవడం, పుక్కిలించడం మానాలి. చూడి గేదె ఈసుకుపోయినా (కడుపు పోయినా), ఈనినప్పుడు మాయ తీయవలసి వచ్చినా వట్టి చేతులతో ముట్టుకోకూడదు. ఎలుకల నిర్మూలన ఒక్క రైతు తన మడిలో చేస్తే పక్క మడి ఎలుకలు వచ్చి చేరతాయి కాబట్టి, వ్యవసాయశాఖ చెప్పే విధంగా ఊరంతా ఒకేసారి ఎరలు పెట్టాలి. ఇంటి దగ్గరైతే తినుబండారాలు, దాణా మూతలున్న డబ్బాల్లో ఉంచడం, వీధిలో చెత్త నిలవకుండా చూడడం, ఎలుకలు తిరిగిన చోట బ్లీచింగ్ పొడి ద్రావణంతో కడగడం సరిపోతుంది. శీతల పానీయం డబ్బా మూత మీద ఎండిన ఎలుక మూత్రంవల్ల మనుషులు చనిపోయారని ఫోన్లలో తిరిగే సందేశాన్ని పట్టించుకోకండి, ఆరిన చోట ఈ సూక్ష్మజీవి బతకదు.

జ్వరం వచ్చినప్పుడు ఏమి చేయాలన్నది అన్నిటికంటే ముఖ్యం. పొలం, కాలువ, వరద, పశువులు, ఎలుకలు – వీటిలో దేనితోనైనా గత నెలలో సంబంధమున్న మనిషికి ఉన్నట్టుండి చలిజ్వరం, విపరీతమైన తలనొప్పి, నడుము నొప్పి, పిక్కలు ముట్టుకుంటేనే భరించలేనంత నొప్పి, పుసి లేకుండా కళ్లు ఎర్రబడడం కనిపిస్తే, ఎలుక జ్వరం కావచ్చునని డాక్టరుకు మీరే గుర్తుచేయండి. మొదటి వారంలో ఐజీఎం పరీక్ష నెగెటివ్ వచ్చినా జబ్బు లేదని కాదు, ఎందుకంటే యాంటీబాడీలు తయారు కావడానికి ఐదారు రోజులు పడుతుంది. ఆ తొలి రోజుల్లో రక్తంలోని సూక్ష్మజీవిని నేరుగా పట్టే పీసీఆర్ పరీక్ష ఉపయోగపడుతుంది. అనుమానం బలంగా ఉంటే ఫలితాల కోసం ఆగకుండానే మందు మొదలుపెట్టాలి. తేలికపాటి జబ్బుకు డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్, తీవ్రమైనదానికి పెన్సిలిన్ లేదా సెఫ్ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు బాగా పనిచేస్తాయి, ఇవేవీ దొరకని మందులు కావు. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో కనిపించే, చిన్న పురుగు కాటు వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి కూడా డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది కాబట్టి, రెండింటిలో ఏదో తేలేలోపు ఆ మందు మొదలుపెట్టడం వల్ల మేలే ఎక్కువ. ఒళ్లునొప్పులకని ఊళ్లో డైక్లోఫెనాక్ సూదులు వేయించుకోవడం మాత్రం ఈ జబ్బులో మూత్రపిండాలకు రెండో దెబ్బ. జ్వరానికి పారాసెటమాల్ చాలు. మూత్రం తగ్గినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా, దగ్గులో రక్తం పడినా ఒక్క పూట కూడా ఆలస్యం చేయకుండా డయాలసిస్, వెంటిలేటర్ సౌకర్యమున్న పెద్దాసుపత్రికి వెళ్లాలి. గుంటూరు, విజయవాడల్లోని ప్రభుత్వ సర్వజనాసుపత్రులు వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్నవే కాబట్టి ముందు అక్కడ అడగండి.

ఇక మీ మామగారు. ఈ జబ్బులో ప్రాణం దక్కినవారికి మూత్రపిండాలు చాలామటుకు పూర్వస్థితికి వస్తాయి, అయితే అందుకు కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా పట్టవచ్చు. క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్, రక్తపోటు మామూలు స్థితికి వచ్చేదాకా డాక్టరు చెప్పిన తేదీలకు చూపిస్తూ ఉండండి. ఆ లోపల ఆయన్ను మడిలో దించకండి. ఒకసారి వచ్చింది కాబట్టి మళ్లీ రాదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. జబ్బు కలిగించే లెప్టోస్పైరాల్లో 250కి పైగా ఉపరకాలు ఉన్నాయి, ఒకదానికి వచ్చిన రక్షణ మరొకదాని మీద పనిచేయదు. మన దేశంలో మనుషులకు దీనికి టీకా కూడా లేదు. వచ్చే సార్వాకు ఆయన పూర్తిగా కోలుకుని ఉంటే పొలం చూసుకోవచ్చు, నీళ్లు పెట్టించుకోవచ్చు, కానీ దమ్ములోకి, నాట్లలోకి దిగే పనిని వయసులో ఉన్నవారికి అప్పగించి, గట్టు మీద నుంచే చెప్పి చేయించుకునేలా ఒప్పించండి. దిగక తప్పని రోజు వస్తే గాయాలకు ప్లాస్టరు వేసుకుని దిగమనండి, ఆ తర్వాత నెల రోజుల్లో ఏ చిన్న జ్వరం వచ్చినా మొదటి రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి, పాత డిశ్చార్జి కాగితాలు వెంట ఉంచుకోండి.